కిటికీలో కత్తెర

కత్తెర కిటికీలో ఉంది. ఉండాల్సిన చోటే ఉంది. వీరలక్ష్మి ఒకసారి అటు చూసుకుని, మిషను ముందు కూర్చుని మూట విప్పింది.

పైన దిండు గలీబు. దాని కింద మోకాలి దగ్గర చిరిగిన పైజమా. ఆ తరవాత బొందు దూర్చే చోట పోగులు లేచిన పాత లంగా. అడుగుదాకా చెయ్యి పెట్టి తడిమింది. కొత్త గుడ్డయితే చూడక్కర్లేదు, గంజి బిరుసు వేళ్ళకే తెలుస్తుంది. తగల్లేదు. మొన్నటి మూటలోనూ ఇంతే, అంతకుముందు మూటలోనూ ఇంతే.

బాలానగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరు పని దొరికి చలపతిరావు ఆమెను తణుకు నుంచి కూకట్‌పల్లి తీసుకొచ్చిననాడు, ఇనప పెట్టెతో పాటు ఈ కాలి మిషను కూడా దిగింది. అప్పట్నుంచి ఈ సందులో ఎవరు కొత్త జాకెట్టు తొడుక్కున్నా దాని మీద వీరలక్ష్మి కుట్టే ఉండేది. టేపు పెట్టేది కాదు. మనిషిని ఒకసారి కింది నుంచి పైకి చూసి, సరే వెళ్ళిరండి అనేది. ఇప్పుడు ఆషాఢం. వచ్చే ఆదివారం ఊళ్ళో బోనాలు. ఎదురింట్లో పసుపు దంచుతున్న చప్పుడు వినిపిస్తోంది. అందరూ కొత్తవి కుట్టించుకునే రోజుల్లో తన దగ్గరికి చిరుగులు వస్తున్నాయి.

సూదిలో దారం ఎక్కించింది. ఎక్కించాక అది దేనికో గుర్తు రాలేదు. కంగారు పడకుండా ఒడిలో ఉన్నదాన్ని చేత్తో నిమిరింది.

"గలీబు," అని పైకే అంది. "గలీబు అంచు."

కాలు ఆడించింది. మిషను నడిచింది.

ఇలా పైకి చెప్పుకోవడం ఎండాకాలంలో అలవాటు చేసుకుంది. రెడ్‌హిల్స్ దవాఖానలో ఎడమ రొమ్ము తీసేసి, కరెంటు పెట్టి, సూదులు పొడిచి, క్యాన్సరు పోయిందని చెప్పి పంపారు. అది పోతూ పోతూ ఆమె తలలోంచి కూడా ఏవేవో పట్టుకుపోయింది. పొయ్యి మీద పాలున్న సంగతి, ఎదురుగా ఉన్న మనిషి పేరు, నోటి దాకా వచ్చిన మాట. రైలు కదిలాక కిటికీలోంచి మనిషి కనిపించినట్టు మాట కనిపిస్తూనే ఉండేది, అందేది కాదు. చెకప్పుకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మను అడిగింది. ఇది పిచ్చి కాదని, ఈ వైద్యం చేయించుకున్నవాళ్ళు కొందరు ఇలాగే చెబుతున్నారని, ఎందుకో తమకూ పూర్తిగా తెలియదని, ఒకసారికి ఒక్క పనే పెట్టుకోమని ఆవిడ చెప్పింది. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేదు.

వార్డులో పక్క మంచం మీద జనగాం ఆవిడ ఒకతె ఉండేది. "వస్తువుకొక జాగ పెట్టుకో అక్కా. మతి యాడికి పోయినా మల్ల ఆ జాగకే వస్తది," అంది ఆవిడ. పేరు గుర్తు లేదు. ఇంటికి పంపించిననాడు ఆవిడ నిద్రలో ఉంటే లేపడమెందుకని చెప్పకుండా వచ్చేసింది. ఉందో లేదో తెలియదు. ఆ మాట మాత్రం మిగిలింది. అందుకే కత్తెర కిటికీలో ఉంటుంది. ఏది కోయాలో, ఎటునుంచి కోయాలో పైకి ఒకసారి చెప్పుకున్నాకే లేచి వెళ్ళి తెచ్చుకోవాలి. ఒక ముక్క కోశాక మళ్ళీ కిటికీలోనే పెట్టాలి. కుట్టు విప్పుకోవచ్చు, కోసిన గుడ్డ మళ్ళీ అతుక్కోదు.

సాయంత్రం బోరింగు దగ్గర రత్నమాల బిందె పెట్టి కొడుతోంది. పక్క వాటాలో ఉంటుంది. భర్త కరెంటాఫీసులో గుమాస్తా, ఊరు భీమవరం వైపు. వీరలక్ష్మి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ క్యారేజీ సర్ది పంపింది ఆమే. చెయ్యి పైకి లేచినప్పుడల్లా ఆమె మావిడాకు రంగు జాకెట్టు చంక దగ్గర లాగి వదులుతోంది. ఆ గుడ్డ వీరలక్ష్మికి తెలుసు. పోయిన నెల తనే కుట్టి ఇచ్చింది.

తను చంక చుట్టూ రెండు వరసలు కుడుతుంది. అది అమ్మ నేర్పిన పద్ధతి. ఇక్కడ ఒక్క వరసే ఉంది. దాని పక్కన పాత కుట్టు తాలూకు సూది కన్నాలు ఖాళీగా కనిపిస్తున్నాయి.

"రత్నం, ఇది ఎవరు కుట్టారు?"

"నువ్వే కదక్కా."

"చెయ్యి ఎత్తు."

రత్నమాల ఎత్తలేదు. బిందె నిండి పొర్లుతోంది. దాన్ని పక్కకి జరుపుతూ, చెంగుతో మూతి తుడుచుకుంటూ, కొంచెం కొంచెంగా చెప్పింది. జాకెట్టు చేతులు రెండూ ఎడమవే పడ్డాయట. కుడి పక్క తొడుక్కుంటే మెలిపెట్టినట్టుందట. చెబితే అక్క బాధపడుతుందని మూసాపేట దర్జీ దగ్గరికి తీసుకెళ్ళి విప్పించి, సరిచేయించుకుందట. వెనకింటి జయలక్ష్మిగారి జాకెట్టుకి హుక్కులూ కాజాలూ ఒకే పక్కన పడ్డాయట. ఆవిడా ఏమీ అనలేదు.

"అన్నయ్యగారే చెప్పారక్కా," అంది చివరికి. "కొత్తవి ఇవ్వకండమ్మా, పాడైతే తను తట్టుకోలేదు, చిరుగులుంటే ఇస్తూ ఉండండి, పొద్దు గడుస్తుంది అని. ఇళ్ళకొచ్చి మరీ చెప్పారు."

వీరలక్ష్మి బోరింగు గట్టు మీద కూర్చుంది. రెండు ఎడమ చేతులు. మిషను ఎక్కిన కొత్తలో, పరికిణీ వయసులో చేసే తప్పు అది. తను చేసింది. చేసినట్టు ఈ వీధంతటికీ తెలుసు, తనకు తప్ప.

"నా తప్పు నాకు చూపించకుండా మూసాపేట పట్టుకెళ్ళావా రత్నం," అంది. "నాకిస్తే నేనే దిద్దుకునేదాన్ని కదా."

రత్నమాల ఏడుపు మొహం పెట్టింది. వీరలక్ష్మి ఆమె బిందె ఎత్తి నడుం మీదకి అందించి, తన బిందె పట్టకుండానే ఇంటికి వచ్చేసింది. గుమ్మంలోకి వచ్చాక గాని తాను నీళ్ళకే వెళ్ళినట్టు గుర్తు రాలేదు.

చలపతిరావు డ్యూటీ నుంచి వచ్చి మిషనుకి నూనె పెడుతున్నాడు. వారానికోసారి ఆ పని ఆయనదే. బెల్టు తప్పించి, చక్రం తిప్పి చూసి, ఒక్కో చుక్కా వేసి, పాతగుడ్డతో తుడుస్తాడు. ఆ మిషను మీద ఆమె చేత చిరుగులు కుట్టించిందీ ఆయనే.

"మీరు ఇళ్ళిళ్ళూ తిరిగారట."

ఆయన చక్రం తిప్పడం ఆపాడు. నూనె డబ్బా చేతిలోనే ఉంది. "నిన్ను ఎవరూ ఒక్క మాట అనకూడదని," అన్నాడు.

"ఫ్యాక్టరీలో మీరు నట్టు వంకరగా బిగిస్తే ఫోర్‌మన్ ఏం చేస్తాడు? మీరు ఇంటికెళ్ళాక ఇంకొకడి చేత విప్పించి బిగిస్తాడా, మిమ్మల్ని పిలిచి తిడతాడా?"

"తిడతాడు."

"ఎందుకూ?"

ఆయన గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. "నా పని కాబట్టి," అన్నాడు మెల్లిగా. ఆ మాట అన్నాక ఇక ఆమె మొహం కేసి చూడలేదు. బెల్టు మళ్ళీ ఎక్కించి, మిషను మీద గుడ్డ కప్పి, బిందె తీసుకుని బోరింగుకి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే వీరలక్ష్మి మెళ్ళో టేపు వేసుకుని వీధిలోకి వచ్చింది. ఇన్నాళ్ళూ టేపంటే నామోషీగా ఉండేది. కళ్ళు లేని దర్జీలకే అది కావాలనేది. ఆ మాట అందరికీ గుర్తుండే ఉంటుంది. చూసేవాళ్ళు చూశారు. ఆమె తిన్నగా ఇంటి ఓనరు సీతాబాయి వాకిట్లోకి వెళ్ళింది.

సీతాబాయి ఈ ఊరి మనిషి. మాట కరుకు. కిరాయి ఒక్కరోజు ఆలస్యమైనా వాకిట్లో నిలబడి అందరూ వినేట్టు అడుగుతుంది. ఈ ఏడు వాళ్ళింటి బోనం ఆమే ఎత్తుకోవాలి. రైక ఇంకా కుట్టించుకోలేదని వీరలక్ష్మికి తెలుసు.

"మెడల టేపు ఏంది గిట్ల?" అంది సీతాబాయి, చేట పక్కన పెడుతూ.

"కంటికి గుర్తుండటం లేదు పిన్నిగారూ. కొలతలన్నీ పోయాయి. కొలతకి ఆది జాకెట్టు ఇచ్చి, టేపు పెట్టనిస్తే కుట్టగలను. మీ రైక నాకివ్వండి."

"మీ ఆయన ఇయ్యొద్దన్నడు."

"ఆయన ఇవాళ ఏమీ అనరు. నేను తప్పు చేస్తే మీరు నా మొహమ్మీదే అంటారు. అందుకే మీ దగ్గరికి వచ్చాను."

సీతాబాయి చేతులు దులుపుకుని లేచింది. లోపలికి వెళ్ళి సందూక పెట్టె తెరిచిన చప్పుడైంది. తెచ్చిన గుడ్డ చిలకపచ్చది, రెండు వైపులా పసుపు అంచు. ఉగాదికి గోపన్‌పల్లి నుంచి అన్న తెచ్చి పెట్టాడట. ఎండాకాలంలో ఆయన పోయాడు. తోడబుట్టినవాడు పెట్టిన ఆఖరి రైక. అదొక్క ముక్కే, మరో జానెడు లేదు.

"జర పైలం బిడ్డా," అంది.

మధ్యాహ్నం అన్నం తిని, గిన్నెలు కడగడం పక్కన పెట్టి, వీరలక్ష్మి చాప మీద గుడ్డ పరిచింది. మామూలుగా అయితే గుడ్డ మడిచి ఒక్కసారే కోస్తే చేతులు రెండూ కుడీ ఎడమా వాటంతటవే వస్తాయి. ఈ గుడ్డతో అలా కుదరదు. అంచు రెండు కొసల్లో ఉంది. ఒక చెయ్యి ఈ కొస నుంచి, ఇంకో చెయ్యి ఆ కొస నుంచి విడివిడిగా తీయాలి. రెండోది కోసేటప్పుడు మొదటిదాన్ని బోర్లించి పెట్టుకోవాలి. ఇదంతా పైకి చెప్పుకుంది. సుద్దతో గీసింది. లేచి కత్తెర తెచ్చుకుంది. వీపు కోసి కత్తెర కిటికీలో పెట్టింది. మళ్ళీ చెప్పుకుని, ముందు భాగాలు కోసి, కిటికీలో పెట్టింది. ఆ లేవడం కూర్చోవడంతో ఎడమ పక్క మచ్చ దగ్గర లాగుతోంది. లాగనీ అనుకుంది. పని చేస్తున్నట్టుంది.

ఎడమ చెయ్యి కోసింది. అంచు ఎక్కడా వంకరపోలేదు. ఆ ముక్క పైకెత్తి చూసుకుంటుంటే గుమ్మంలో రత్నమాల నిలబడి ఉంది. చేతిలో గిన్నె, మీద ఆకు. పులిహోర చేశానక్కా అంది. నిన్నటిది మనసులో పెట్టుకోవద్దంది. వీరలక్ష్మి కూర్చోమనలేదు, పొమ్మననూ లేదు. గిన్నె అందుకుని పక్కన పెట్టి, పెట్టుకోలేదులే అంది. రెండు మాటలు మాట్లాడుకున్నారు. రత్నమాల తేలిక పడి వెళ్ళిపోయింది. వీరలక్ష్మి మనసు కూడా తేలికైంది. ఎడమ చేతి ముక్కను రెండో కొస మీద తిన్నగా పరిచి, చుట్టూ కోసింది.

తప్పు కోసేటప్పుడు తెలియలేదు. చేతులు చంకలకి అతికించబోతే, ముందుకి రావలసిన చంక లోతు కుడివైపు వెనక్కి వచ్చింది. తిప్పి పెట్టి చూసింది. గుడ్డ తిరగేసి పెట్టింది. మంచి వైపు లోపలికి పోయి, అంచులో పోగులు పైకి వచ్చాయి. తల తిప్పి కిటికీ కేసి చూసింది. ఖాళీగా ఉంది. కత్తెర ఒళ్ళోనే ఉంది.

సీతాబాయికి చూపు మందం. చంక దగ్గర కాస్త లోపలికి నొక్కి కుడితే తొడుక్కున్ననాడు కనిపించదు. చెయ్యి ఎత్తితే లాగుతుంది, అంతే. వయసు మీద పడ్డందుకే లాగుతోందని ఆవిడే అనుకుంటుంది. ఎవరి మనసూ నొచ్చుకోదు. ఆ ఆలోచన వచ్చాక వీరలక్ష్మికి రత్నమాల ఎత్తని చెయ్యి గుర్తొచ్చింది. రెండు ముక్కలూ తీసుకుని లేచింది.

వాకిట్లో సీతాబాయి గొంగళి మీద కూర్చుని ఉంది. వీరలక్ష్మి నిలబడే చెప్పింది. "రెండూ ఎడమ చేతులే కోశాను పిన్నిగారూ. నా తప్పే."

సీతాబాయి ముక్కలు తీసుకుంది. మొదటిది ఎడమ చేతి మీద పరుచుకుని చూసింది. రెండోది కుడి చేతి మీద పెట్టుకుని చూసింది. మళ్ళీ దాన్ని కూడా ఎడమ చేతి మీదే వేసుకుని, పసుపు అంచును బొటనవేలితో రాస్తూ ఉండిపోయింది. తిడుతుందని వీరలక్ష్మి ఎదురుచూసింది. తిట్టలేదు.

"అన్న పాయె. గుడ్డ గూడ పాయె," అని ముక్కలు ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పులిహోర ఎవరూ ముట్టలేదు. విస్తర్లు తీశాక చలపతిరావు చాప మీదున్న కత్తెర తీసుకెళ్ళి కిటికీలో పెట్టాడు. అది నిలువుగా పెట్టాలా అడ్డంగా పెట్టాలా అని ఒక్క క్షణం సందేహించి, ఆమె పెట్టినట్టే అడ్డంగా పెట్టాడు.

తెల్లవారి ముగ్గు వేస్తుంటే సీతాబాయి వచ్చింది. చంకలో ఏదో పాతగుడ్డ పెట్టుకుంది. వచ్చి అరుగు మీద కూర్చుని దాన్ని మోకాళ్ళ మీద పరిచింది. ముందు ముడి వేసుకునే పాతకాలపు రైక. ఉతికి ఉతికి దోమతెరలా పలచబడింది. చంకల కింద నలుపలకల ముక్క ఒక్కొక్కటి మూలగా అతికి ఉంది.

"మా అవ్వది," అంది. "నన్ను కన్న తల్లి. అప్పట్ల చంకల ముక్క లేని రైక ఉంటుండెనా? నాట్లెయ్యాలె, గంప ఎత్తాలె, చెయ్యి లేవాలె గద. నీ రెండో చెయ్యి తిప్పి పెట్టు. వంకర పోయినకాడ తీసెయ్యి. గిట్ల ముక్క వెయ్యి, రెండు దిక్కులా." కాస్త ఆగి, "గిది ఆది," అంది. "కోపమైతే పోలే. కుట్టు."

వీరలక్ష్మి ఆ పాత చంక వేలితో తడిమింది. ముక్క మూలగా పడటం వల్ల గుడ్డ రెండు వైపులా సాగుతోంది. చుట్టూ రెండు వరసల కుట్టు. ఎవరో తెలియని ఆ తల్లి కూడా రెండు వరసలే కుట్టింది.

పచ్చగుడ్డలో అంత ముక్క మిగల్లేదు. ఇనప పెట్టె తెరిచింది. అడుగున తన ఎర్ర పట్టు జాకెట్టు ఉంది, పెళ్ళినాటిది. ఆస్పత్రి నుంచి వచ్చాక తీయలేదు. ఇప్పుడు తను తొడుక్కునే జాకెట్లకి ఎడమ పక్క బూరుగు దూది పెట్టి కుట్టుకుంటోంది. ఆ పట్టు జాకెట్టుకి మాత్రం ఎడమ పక్క పాత ఆకారం అలాగే నిలిచి ఉంది. చాప మీద పరిచి, అరచేత్తో దాన్ని చదును చేసింది.

"చంక ముక్కలు. రెండు. ఎడమ పక్క నుంచి," అని పైకి చెప్పింది.

లేచి వెళ్ళి కత్తెర తెచ్చింది. ఒకటి కోసింది. కత్తెర కిటికీలో పెట్టింది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ తెచ్చింది. మధ్యలో ఎవరో వాకిట్లోంచి పిలిచారు. చేతిలో కత్తెర ఉంది కాబట్టి పలకలేదు. రెండోది కోసి, కత్తెర చోట పెట్టి, అప్పుడు వెళ్ళి ఏమిటని అడిగింది. జయలక్ష్మిగారు చేట కోసం వచ్చి నిలబడి ఉన్నారు. ఇందాక చేతిలో కత్తెర ఉందండీ, అందుకే పలకలేదు అంది వీరలక్ష్మి. క్షమించమని మాత్రం అడగలేదు.

ఆదివారం పొద్దెక్కక ముందే డప్పులు మొదలయ్యాయి. బొంబాయి రోడ్డు మీద లారీలు ఆపేశారు. వేపాకు, పసుపు, మైసాక్షి పొగ వాసన. బోనం ఎత్తుకున్న ఆడవాళ్ళు బారుగా నడుస్తున్నారు. కొందరు చెయ్యి ఎత్తి కుండ పట్టుకుని, చంక లాగి, చెయ్యి దింపి, మళ్ళీ ఎత్తుతున్నారు. సీతాబాయి కుడిచెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉంది. కుండ మీద దీపం కదలడం లేదు. చిలకపచ్చ రైక చంకలో ఎర్ర పట్టు ముక్క మూలగా, ఎండలో మెరుస్తూ, వీధి ఆ చివర నుంచి కూడా కనిపిస్తోంది.

పక్కన నడుస్తున్న ఆవిడ అదేమిటని అడిగింది. వీరలక్ష్మి రత్నమాలతో కలిసి అరుగు పక్కనే నిలబడి ఉంది. సీతాబాయి తల కదల్చకుండా, డప్పు మీదుగా వినపడేట్టు చెప్పింది.

"ఈ పిల్ల తప్పు కోసింది. మా అవ్వ దిద్దింది."

రత్నమాల గబుక్కున వీరలక్ష్మి చెయ్యి పట్టుకుంది. వీరలక్ష్మి తల దించుకోలేదు. అందరూ ఆమె కేసి చూస్తుంటే, మెళ్ళో టేపు సరిచేసుకుని, ఆ ఎత్తిన చేతిని, దాని కింద తన ఎర్ర పట్టును, గుడి మలుపు తిరిగేదాకా చూసింది. జనగాం ఆవిడ చూస్తే బాగుండును అనిపించింది. పేరు కోసం వెతికింది. రాలేదు. వెతకడం మానేసి మాటను తలుచుకుంది.

ఆ తరవాత కొత్త గుడ్డలు రావడం మొదలైంది. ఒక్కసారిగా రాలేదు. ముందు జయలక్ష్మిగారు, తరవాత మార్కెట్ దగ్గర పూలమ్మే పోచమ్మ. వీరలక్ష్మి అందరికీ ఒకటే మాట చెప్పింది. ఆది తేవాలి. టేపు పెట్టనివ్వాలి. ఒకటి అయ్యాకే ఇంకొకటి. కిటికీలో కత్తెర లేనప్పుడు తనతో మాట్లాడకూడదు. పోచమ్మ నవ్వి, గుళ్ళె అయ్యగారి కంటే నీకే మడి ఎక్కువున్నదమ్మా అంది. ఇప్పుడు వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగి ముందు కిటికీ కేసి చూస్తున్నారు.

శ్రావణం ముందు ఒక పొద్దున రత్నమాల వచ్చింది. కత్తెర కిటికీలోనే ఉంది. చేతిలో ముందు రోజు తీసుకెళ్ళిన కొత్త జాకెట్టు, ఆది జాకెట్టు రెండూ ఉన్నాయి. మొహం ఎర్రగా ఉంది. రెండూ మిషను బల్ల మీద పడేసింది.

"మెడ చూడక్కా. ఎడమ భుజం ఎంత జారిపోయిందో చూడు. ఇది వేసుకుని పేరంటానికి ఎలా వెళ్ళను? నలుగురూ ఏమంటారు?"

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న చలపతిరావు సగం లేచాడు. "చూడమ్మా రత్నం, దానికి నేను..."

"మీరుండండి," అంది వీరలక్ష్మి. "ఆవిడ నన్నడుగుతోంది."

ఆయన మళ్ళీ కూర్చుని రెండో బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

వీరలక్ష్మి ఆది కింద పరిచి, దాని మీద కొత్త జాకెట్టు పెట్టింది. భుజాలు కలిపి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. టేపు పెట్టి చూసింది. నిజమే, జారింది. ఎక్కడ జారిందో కూడా తెలిసింది. మెడ పట్టీ పెట్టేటప్పుడు రెండు మడతలు వేయాల్సింది ఒక్కటే వేసింది. గుండెలో ఏదో నిటారుగా లేచి నిలబడ్డట్టయింది.

"తప్పే," అంది. "కూర్చో. విప్పుతాను."

"సాయంత్రానికి కావాలి."

"రేపు. ఒకసారికి ఒక్కటే."

"నీతో వేగలేకపోతున్నానక్కా," అని గొణుక్కుంటూ రత్నమాల చాప మీద కూర్చుంది. వీరలక్ష్మి జాకెట్టు ఒళ్ళో పెట్టుకుంది. ఎడమ భుజం, పట్టీ కుట్టు, అని పైకి చెప్పుకుని, లేచి వెళ్ళి వచ్చింది. రత్నమాల ఇంకా ఏదో అనబోయి కిటికీ కేసి చూసింది. కత్తెర అక్కడ లేదు. నోరు మూసుకుంది.

వీరలక్ష్మి మొదటి కుట్టు తెంపింది.